చప్పిడి మొక్కు

సంపూర్ణమ్మ మాట్లాడకుండా ఉంటే ఆ ఇల్లు ఎలా ఉంటుందో వీధిలో ఎవరికీ తెలియదు. పొద్దున్న పొయ్యి వెలిగించింది మొదలు ఆమె నోరు నడుస్తూనే ఉంటుంది. గేదెతో మాట్లాడుతుంది, పొంగిన పాలను తిడుతుంది, ఎవరూ దొరక్కపోతే గోడ మీద మరియమాత పటంతోనైనా నాలుగు మాటలు ఆడుతుంది. ఇరుగుపొరుగు వాళ్ళు సగం విని సగం వదిలేసేవారు. అన్నీ వినేవాడు లోకంలో ఒక్కడే, ఆమె మొగుడు బాలశౌరి.

ఆయన కాలువ మీద లస్కరు. పామర్రు దాటాక పొలాల మధ్యగా పోయే కాలువకి తూముల తలుపులు ఎత్తడం, దించడం, గట్టుకి ఎక్కడైనా బుంగ పడిందేమో చూసుకోవడం, ఎవరి వంతు నీళ్ళు వాళ్ళకి వదలడం ఆయన పని. పగలంతా గట్టు మీద ఒంటరిగా తిరిగే మనిషికి సాయంత్రం ఇంటికి రాగానే మాటలు కావాలి. కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చుని "ఊఁ, చెప్పు" అనేవాడు. అంతే, సంపూర్ణమ్మ అందుకునేది. ఎవరి కోడలు పుట్టింటికి పోయిందో, గుడిలో పాటలు పాడేవాళ్ళు ఏ పాటకి తగువు పడ్డారో, చేపలమ్మి తూకంలో ఎలా కొట్టిందో, అన్నీ వరసగా చెప్పేది. ఆయన నవ్వాల్సిన చోట నవ్వేవాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ సంసారం అలాగే సాగింది, ఇద్దరికీ అంతకు మించి అక్కర్లేదు.

మూడేళ్ళ కిందట ఆయన కుడి చెవి పేచీ పెట్టింది. ముందు చెవి దిమ్మెక్కినట్టు ఉండేది, కాలువలో మునిగి లేచాక నీళ్ళు పట్టేసినట్టు. తర్వాత హోరు మొదలైంది. తలుపు కింద నుంచి నీళ్ళు దూకుతున్న చప్పుడులాగే ఉండడంతో చాన్నాళ్ళు అది తూముదే అనుకున్నాడు పాపం. ఒక మిట్ట మధ్యాహ్నం తూము మీద నిలబడి ఉండగా కాలువ, గట్టు, ఆకాశం అన్నీ కలిసి గిర్రున తిరిగాయి. ఇనప చట్రాన్ని రెండు చేతులా కావిలించుకుని కూలబడ్డాడు. వాంతులు పట్టుకున్నాయి. నలుగురు మోసుకొచ్చి మంచం మీద పడుకోబెడితే మంచం కూడా తిరుగుతోందని దాని పట్టెలు పట్టుకుని వదల్లేదు. పట్టపగలే పుచ్చుకున్నాడని ఎవరో అన్నారు. జన్మలో చుక్క ముట్టని మనిషి. ఆ మాట అన్నవాళ్ళ ఇంటి ముందు నిలబడి సంపూర్ణమ్మ పెట్టిన శాపనార్థాలు ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఊళ్ళో ఆర్ఎంపీ రత్తయ్య వచ్చి నాడి చూశాడు. బీపీ పడిపోయింది, నీరసం అన్నాడు. సెలైన్ బాటిల్ ఎక్కించాడు. మా వైపు అంతే, జ్వరమైనా, కాళ్ళ పీకులైనా, మనోవ్యాధైనా దూలానికి ఒక బాటిల్ వేలాడితేగానీ వైద్యం చేసినట్టు ఉండదు. ఆ బాటిల్లో ఉండేది ఉప్పునీళ్ళేనని ఎవరికీ తట్టదు. పోతూ పోతూ, ఉప్పు దట్టంగా వేసి మజ్జిగ పట్టించమ్మా అని రత్తయ్య చెప్పి వెళ్ళాడు. సంపూర్ణమ్మ పెద్ద గ్లాసుతో పట్టించింది. మర్నాటికల్లా ఆయన లేచి కూర్చున్నాడు. ఏమీ ఇవ్వకపోయినా లేచేవాడేనన్న సంగతి అప్పుడు ఎవరికి తెలుసు? ఆ తర్వాత ఎన్నిసార్లు ఇల్లు తిరిగితే అన్నిసార్లూ ఒక బాటిలూ, గ్లాసుల కొద్దీ ఉప్పు మజ్జిగా. అలా ఏడాది నడిచింది. ఈలోగా ఆ చెవి మెల్లమెల్లగా మూసుకుపోయింది.

వాళ్ళకి ఒక్కతే కూతురు, హెలెన్. విజయవాడలో స్కూల్ టీచరు. తండ్రి ఫోన్ కుడి చెవి దగ్గర పెట్టుకోవడం మానేశాడని ఒకసారి సెలవలకి వచ్చినప్పుడు గమనించి, తల్లిదండ్రులిద్దర్నీ విజయవాడ సూర్యారావుపేటలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ పేరు భానుశ్రీ. చిన్న వయసే గానీ ఓపిక ఉన్న మనిషి. బాలశౌరిని అద్దాల గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినబడినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. కుడి చెవి వంతు వచ్చేసరికి ఆయన బొత్తాం మీద బొటనవేలు పెట్టుకుని అలా కూర్చునే ఉన్నాడు. అద్దం ఇవతల నుంచి సంపూర్ణమ్మ కదలని ఆ వేలినే చూస్తూ నిలబడింది.

కాలువ పని చేసే మనిషి కాబట్టి మీకు చెప్పడం నాకు తేలిక అని మొదలుపెట్టింది డాక్టరు. చెవి లోపల, ఎముక మధ్యలో, నత్తగుల్లలాంటిది ఒకటి ఉంటుంది. దాంట్లో రెండు రకాల నీళ్ళు ఉంటాయి. బయటి నీరు సముద్రపు నీటిలా ఉప్పు నీరు. దాని మధ్యలో సన్నటి గొట్టం, అందులో ఇంకో రకం నీరు. ఆ లోపలి నీరు కదిలితేనే మనకి వినబడుతుంది. అది కదిలితేనే మనం నిలబడ్డామో పడిపోతున్నామో తెలుస్తుంది. రెండు నీళ్ళకీ మధ్య ఉల్లిపొర కంటే పల్చటి పొర అడ్డం. లోపలి నీరు ఎప్పటికప్పుడు ఊరుతూ, ఎప్పటికప్పుడు ఒక పక్కకి పోతూ ఉండాలి. మీకు ఊరడం సరిగ్గానే ఉంది, పోవడం సరిగ్గా లేదు. నీరు నిలిచి ఆ గొట్టం ఉబ్బుతుంది. అప్పుడే చెవి దిమ్మెక్కి హోరు పెడుతుంది. ఉబ్బి ఉబ్బి ఒక రోజు ఆ పొర చిట్లి రెండు నీళ్ళూ కలిసిపోతాయి. అప్పుడే లోకం గిర్రున తిరుగుతుంది. పొర మళ్ళీ అతుక్కుంటుంది గానీ, కలిసిన ప్రతిసారీ వినికిడి కొంత పోతుంది. వస్తూ పోతూ ఉంటుంది ఈ జబ్బు, కొన్నాళ్ళు బాగున్నట్టే ఉంటుంది, చూసి మోసపోవద్దు అని కూడా చెప్పింది.

బాలశౌరి అంతా విని, "గట్టు తెగి చేలో ఉప్పునీళ్ళు పడ్డట్టన్నమాట" అన్నాడు. అవునంది డాక్టరు. ఆయనే మళ్ళీ, "ఉప్పు నీళ్ళు పడ్డ చేను ఇక పండదు గదమ్మా" అన్నాడు.

 కుడి చెవి పోయినట్టేననీ, కొందరికి రెండో చెవికీ వస్తుందనీ, ఎడమదాన్ని కాపాడుకుందామనీ డాక్టరు చెప్పింది. మాత్రలు రాసింది. ఉప్పు బాగా తగ్గించాలంది. ఒంట్లో ఉప్పు ఎక్కువైతే నీరు నిలుస్తుంది, చెవిలోనూ నిలవచ్చు. పచ్చళ్ళు వద్దు, ఎండు చేప వద్దు, అప్పడాలు వద్దు. పక్కన కూర్చున్న సంపూర్ణమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడాది పాటు తన చేత్తో పట్టించిన మజ్జిగ గ్లాసులన్నీ కళ్ళ ముందు కదులుతుంటే, వాటి గురించి అడగడానికి ధైర్యం చాల్లేదు.

ఇంటికొచ్చాక ఆమె పథ్యం గట్టిగానే పట్టింది. జాడీలు పొరుగింటికి ఇచ్చేసింది. ఆయన కూర వేరే గిన్నెలో చప్పగా వండేది. బాలశౌరి కంచం ముందు కూర్చుని ఆ అన్నాన్ని కలిపి కలిపి, నాలుగు ముద్దలు మింగి చెయ్యి కడుక్కునేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. అని ఉంటే సంపూర్ణమ్మ నాలుగు తిట్టి ఊరుకునేది. అనకపోవడమే ఆమెను కోసేసింది. చప్పిడి కూడంటే మా వైపు జ్వరపడ్డ వాళ్ళకో, రేపో మాపో అన్నట్టున్న వాళ్ళకో పెట్టేది. రోజంతా గట్టు మీద నడిచే మనిషికి అది పెడుతుంటే ఆమెకి చేతులు ఆడేవి కావు. చొక్కా భుజాల మీద వదులైంది. మెడ ఎముకలు తేలాయి. ఒక రోజు కంచం ముందు నుంచి లేస్తూ ఆయన, "ఆకలి చచ్చిపోయిందే సంపూర్ణం" అన్నాడు, అదేదో తన తప్పయినట్టు. ఆమె గేదె దగ్గరికి పోయి, దాని మెడ పట్టుకుని ఏడ్చింది.

ఆ ఫిబ్రవరిలో విజయవాడలో గుణదల మాత తిరునాళ్ళకి వెళ్ళింది. జనంలో తోసుకుంటూ కొండ మెట్లన్నీ ఎక్కి, మాత ముందు మోకాళ్ళ మీద నిలబడి బేరం పెట్టింది. బేరంలో ఆమెను మించిన వాళ్ళు లేరని చేపలమ్మిని అడిగినా చెబుతుంది. తల్లీ, ఆ చప్పిడేదో నేను తింటాను, ఆయన పథ్యం నేను చేస్తాను, నా నాలుక మీద ఉప్పు పడనివ్వను, ఆయన చెవి మాత్రం నువ్వు చూసుకో అంది. ఆమెకి ఇందులో తప్పేమీ కనబడలేదు. ఒకరి భారం ఇంకొకరు మోయొచ్చని పుట్టిన దగ్గర్నుంచీ గుడిలో విన్న మనిషి. ప్రభువు లోకం పాపాలే మోయగా లేంది, పథ్యం మోయకూడదని ఆమెకి ఎవరు చెప్పారు? కొండ దిగి వచ్చేటప్పుడు ఒళ్ళు తేలికపడినట్టయింది.

మర్నాడు ఆయన గిన్నెలో ఉప్పు వేసింది. తన కూర చప్పగా ఉంచుకుంది. బాలశౌరి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. తల ఎత్తి ఆమెకేసి చూశాడు. ఆమె మంచినీళ్ళు తెచ్చే వంక పెట్టుకుని లోపలికి పోయింది. తిరిగి వచ్చేసరికి కంచం ఖాళీగా ఉంది. "మారు పెట్టు" అన్నాడు. అన్ని మాటలు ఆడే మనిషి ఆ ఒక్క మాటా ఆడలేదు, అన్నీ వినే మనిషి ఆ ఒక్కటీ అడగలేదు. ఆయన తిని లేచాక ఆమె తన చప్పిడి తినేది. ఇద్దరూ కలిసి కూర్చుని తినే అలవాటు ఆ ఇంట్లో లేదు కాబట్టి ఆమె కంచంలో ఏముందో ఆయనకి తెలియదు.

విడ్డూరం ఏమిటంటే, జబ్బు నెమ్మదించింది. వేసవి అంతా ఎడమ చెవికి గుసగుస కూడా వినబడింది. కళ్ళు తిరగడం లేదు, హోరు లేదు. వస్తూ పోతూ ఉంటుందన్న డాక్టరు మాట ఆమె మర్చేపోయింది. మాత తన బేరం ఒప్పుకుందనుకుంది. ఒప్పుకున్నాక ఇంక భయం దేనికి? చిటికెడు పోయి చెంచాడైంది. వంకాయలో ఎండు రొయ్యలు పడ్డాయి. మామిడికాయల కాలం రాగానే వేడన్నంలో కొత్తావకాయ కూడా పడింది. ఆయన చొక్కా మళ్ళీ భుజాలకి సరిపోయింది. అటు సంపూర్ణమ్మ మాత్రం సగమైపోయింది. నీకేమొచ్చిందే ఇలా పీక్కుపోయావని అడిగిన వాళ్ళతో, ముసలిదాన్ని కావద్దా అని నవ్వేసేది. ఒంట్లో ఓపిక లేకపోయినా ఆమె జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేదు.

నారుమళ్ళకి కాలువ వదిలే వేళకి ఎడమ చెవిలో హోరు మొదలైంది. పది రోజులు తిరక్కుండానే తూము మీదే పడ్డాడు. ఆ తర్వాత ఇంకోసారి, మరోసారి. మొక్కులో ఎక్కడ లోపం జరిగిందోనని సంపూర్ణమ్మ తన చప్పిడిలో నుంచి చింతపండు కూడా తీసేసింది. ఆయన కూరలో ఉప్పు మాత్రం తియ్యలేదు. తియ్యడమంటే బేరం తప్పడమేనని అప్పటికి ఆమె మనసులో గట్టిగా నాటుకుపోయింది.

ఆగస్టులో మరియమాత పండగకి హెలెన్ వచ్చింది. పూజ నుంచి వచ్చి భోజనాలకి కూర్చున్నారు. పండగ కదా, నువ్వూ మాతోపాటే కూర్చోమని కూతురు బలవంతం చేస్తే సంపూర్ణమ్మ కూడా తన కంచం తెచ్చుకుని ఓ పక్కగా కూర్చుంది. చిన్నప్పటి నుంచీ మొదటి ముద్ద తండ్రి కంచంలోది తినడం హెలెన్‌కి అలవాటు. అలాగే చెయ్యి చాపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపేసింది.

"అమ్మా, నాన్న కూరలో ఉప్పు ఉందేంటి?" అంది.

సంపూర్ణమ్మ తన కంచం పక్కకి జరుపుకుంది. హెలెన్ లేచి వచ్చి తల్లి కంచంలోంచి కాస్త తీసి రుచి చూసింది. అది చప్పగా, చింతపండు కూడా లేక, మట్టిలా ఉంది. ఆ పిల్లకి ఒక్కసారిగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ నీకోసం తను కూడా చప్పిడి తింటోంది నాన్నా, నువ్వేమో దొంగతనంగా ఉప్పు కలుపుకుంటున్నావా అని తండ్రి చెవి దగ్గరకి వంగి గట్టిగా అడిగింది.

 బాలశౌరి అప్పటికే భార్య కంచంకేసి చూస్తున్నాడు. చెయ్యి చాపి అందులోంచి ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. అప్పుడు ఆమె మొహంలోకి చూశాడు. ఆమెకి అక్కడే నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. గుణదల నుంచి వచ్చిన మర్నాటి నుంచే కూరలో ఉప్పు పడిందని గుర్తొచ్చిందేమో, మొక్కు సంగతి అంతా ఆ ముద్దలో ఆయనకి తెలిసిపోయినట్టే ఉంది.

"ఊఁ. నేనే కలుపుకుంటున్నా" అన్నాడు. "మీ అమ్మకి తెలీదు."

హెలెన్ తండ్రిని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది, తిట్టి ఏడ్చింది. మర్నాడే మళ్ళీ విజయవాడ తీసుకెళ్ళింది. డాక్టరు భానుశ్రీ కాగితాలు చూసి, ఇంత వయసొచ్చి నాలుక కట్టుకోలేకపోయారా, పెద్దాయన అయ్యుండి మీరే ఇలా చేస్తే నేనేం చెయ్యను అని కసురుకుంది. ఆయన తల వంచుకుని, "తప్పయిపోయింది డాక్టరుగారూ" అన్నాడు. పక్కనే సంపూర్ణమ్మ కూర్చుని ఉంది. ఆ తప్పు తనది అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కూతురి మొహం చూసింది, డాక్టరు మొహం చూసింది, కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుండిపోయింది. చెవిలోకి సూదిమందు వేద్దాం, కొన్నాళ్ళు నిలబడొచ్చు, నిలబడకపోవచ్చు అంది డాక్టరు. బయటికి వచ్చేటప్పుడు హెలెన్ అడిగితే, ఉప్పు వల్లే ఇలా అయిందని నేను చెప్పలేనమ్మా, అన్నీ పాటించిన వాళ్ళకీ రెండు చెవులూ పోవడం చూశాను అని కూడా చెప్పింది. ఆ మాట ఎవరికీ ఎక్కలేదు.

ఇంటికొచ్చాక బాలశౌరి చప్పిడికి మారిపోయాడు. భోజనం వేళ భార్యను పక్కనే కూర్చోబెట్టుకుని, ఉప్పు డబ్బా తీసి ఆమె కంచంలో తన చేత్తో చల్లేవాడు. తినమని సైగ చేసేవాడు. ఆమె తినేది. ఇన్నాళ్ళకి నాలుకకి తగిలిన ఉప్పు ఆమెకి చేదుగా ఉండేది. ఎందుకు మొక్కావని ఆయన అడగలేదు. తప్పు ఎందుకు మీద వేసుకున్నావని ఆమె అడగలేదు.

చెప్పెయ్యాలి. వినబడుతుండగానే చెప్పెయ్యాలి. అదొక్కటే ఆమె మనసులో తిరిగేది. నా వల్ల నీ చెవి పోతోందయ్యా, నా మూలంగా నువ్వు కూతురి ముందూ, డాక్టరు ముందూ దోషివయ్యావు, నన్ను క్షమించు అని, ఆయన చెవిలోకి ఆ మాట పోవాలి. అప్పటికింకా దగ్గరగా కూర్చుని చెబితే వినబడుతోంది. సాయంత్రాలు ఆయన ఎడమ చెవి ఆమె వైపు పెట్టి కూర్చునేవాడు, చెవి ఉన్నన్నాళ్ళకీ సరిపడా వినేద్దామన్నట్టు. ఆమె ఆ మాట గొంతు దాకా తెచ్చుకుని, ఇవాళ కాదులే, రేపు చెబుదాం అని మింగేసేది. ఆ మాట లోపల అడ్డం పడ్డాక మిగతా మాటలూ పైకి రావడం మానేశాయి. ఊళ్ళో కోడళ్ళ కబుర్లూ లేవు, చేపలమ్మి కబురూ లేదు. "ఏంటే, మాటలన్నీ అయిపోయినయ్యా?" అని ఆయన ఎగతాళి చేసేవాడు. సరిగ్గా వినాలని ఆయన తాపత్రయపడ్డ ఆ రోజుల్లోనే ఆ ఇల్లు మూగదైంది. అందుకే ఆమెను తలుచుకుంటే నాకు జాలీ వేస్తుంది, కోపమూ వస్తుంది.

చివరికి ఆమె గుడిలో ఫాదరు దగ్గర మోకరించి, చేసిందంతా ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకుంది. ఫాదరు అంతా విని, దేవుడు క్షమించాడమ్మా, ఇక వెళ్ళి మీ ఆయనతో చెప్పుకో అన్నాడు. క్రిస్మస్ పూజ అయ్యాక, ఆయన కొత్త చొక్కా వేసుకుని సంతోషంగా ఉన్నప్పుడు చెబుదామనుకుంది. క్రిస్మస్ ఇంకా రాలేదు, ఈసారి వచ్చిన తిరుగుడు ఆయన్ని రోజుల తరబడి మంచానికి కట్టేసింది. తగ్గి లేచి కూర్చున్నప్పుడు ఆయన ఏదో అన్నాడు, తన గొంతు తనకే వినబడక ఇంకా గట్టిగా అన్నాడు. తర్వాత చెవి మీద అరచేత్తో రెండుసార్లు తట్టుకుని ఊరుకున్నాడు.

కొన్నాళ్ళు చూద్దాం, ఒక్కోసారి కాస్త తిరిగి వస్తుంది అంది డాక్టరు. సంపూర్ణమ్మ ఆయన వెనక నిలబడి గిన్నెలు జారవిడిచేది. పళ్ళెం గచ్చు మీద పడి గింగురుమంటే పక్కింటి వాళ్ళు ఉలిక్కిపడేవారు గానీ ఆయన తల తిరిగేది కాదు. ఎవరేమన్నా "అలాగే, అలాగే" అని తల ఊపడం నేర్చుకున్నాడు. బాగున్నావా అన్నా అలాగే, చలిగా ఉందన్నా అలాగే. తూము పని ఇంకొకరికి ఇచ్చారు. అయినా పొద్దున్నే గట్టు చూడందే ఉండలేడు. నడుస్తుంటే పక్కలకి తూలేవాడు, అందుకని ఆమె చెయ్యి పట్టుకుని వెంట నడిచేది.

మినుము పీకే రోజుల్లో ఒక పొద్దున్న గట్టు మీద ఆమె ఆగిపోయింది. ఇక మొయ్యలేకపోయింది. ఆయన్ని తన వైపు తిప్పుకుని చెప్పింది. ఉప్పు నేనేనయ్యా వేసింది, నా పిచ్చి మొక్కు నీ చెవి తీసింది, నా తప్పు నువ్వెందుకు మీద వేసుకున్నావు, నన్ను క్షమించయ్యా అంది. ఆయన ఆమె పెదాలకేసి చూసి, తల ఊపి, "అలాగే" అన్నాడు.

ఆమె మళ్ళీ చెప్పింది. గొంతు పెంచి చెప్పింది. ఇంకా పెంచింది. కాలువ అవతలి చేలో మినుము పీకుతున్న ఆడవాళ్ళు నడుములెత్తి ఇటు చూశారు. కూతురికి తెలియకూడదని, ఊరికి తెలియకూడదని ఇన్నాళ్ళు దాచిన మాట వాళ్ళందరికీ వినబడింది. ఆయన మళ్ళీ తల ఊపబోయాడు.

అప్పుడామె ఎడమ అరచెయ్యి కంచంలా పట్టుకుని, కుడిచేతి వేళ్ళతో ఉప్పు చల్లినట్టు దాని మీద ఆడించి, ఆ చేత్తో తన గుండె మీద కొట్టుకుంది. నేను, నేను అని కొట్టుకుంది. బాలశౌరి ఊపబోయిన తల ఆగిపోయింది. అర్థమైంది.

"ఉప్పు నేనే వేసుకున్నానని చెప్పాగా సంపూర్ణం" అన్నాడు. తన గొంతు ఎంత పెద్దగా ఉందో ఆయనకి తెలియదు, అవతలి గట్టు దాకా మోగింది. "నాలిక కట్టుకోలేక నేనే వేసుకున్నా. నీకేం సంబంధం లేదు."

కాదయ్యా, కాదు, నీకు తెలుసు కాదని అని ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపింది. ఆయన ఆ చేతుల్లోంచి ఒకటి విడిపించుకుని ఆమె చెంపలు తుడిచాడు. తర్వాత మొహం తిప్పుకుని కాలువలో నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆయన చూపు తిప్పుకున్నాక ఆయనకి ఏదైనా చెప్పడానికి ఇంక దారి లేదు. సంపూర్ణమ్మ ఆ పక్కనే నిలబడి, ఆయన మోచెయ్యి వదలకుండా, కాదని చెబుతూనే ఉంది.